పండగలో పిల్లలకో పని



సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయంటే చిన్నపిల్లలున్న ఇళ్ళలో రెండు రకాల హడావిడి మొదలవుతుంది. ఒకటి ఊరెళ్ళడానికి టిక్కెట్లు. రెండోది, ఆ వారం పది రోజులూ పిల్లలతో ఎలా వేగడమా అన్న ఆలోచన. టిక్కెట్ల సంగతి రెండు ముక్కల్లో ముగించేస్తాను. రైలు రిజర్వేషను ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతోంది. 2024 అక్టోబరు దాకా అది 120 రోజులుండేది. ఐదేళ్ళ లోపు పిల్లలకి విడిగా బెర్తు అడగకపోతే టిక్కెట్టే అక్కర్లేదు. ఐదు నిండి పన్నెండు లోపు వాళ్ళకి బెర్తు కావాలంటే పూర్తి చార్జీ, వద్దంటే సగం. పండగ రద్దీలో, రాత్రి ప్రయాణంలో, ఆరేళ్ళ పిల్లాణ్ణి మన బెర్తులోనే సర్దుకుందాంలే అని బయల్దేరితే తెల్లారేసరికి ఇద్దరికీ నిద్ర ఉండదు. ఆ సగం చార్జీ మిగుల్చుకున్నందుకు మర్నాడంతా పేచీ భరించాలి.

ఇక అసలు విషయం. మూడేళ్ళ నుంచి ఏడెనిమిదేళ్ళ దాకా ఉన్న పిల్లల గురించి ఈ పూట మాట్లాడుకుందాం. వీళ్ళకి సెలవులిచ్చారంటే పెద్దవాళ్ళం ఒక జాబితా వేస్తాం. పొద్దున్న గుడి, పదింటికి జూ, మధ్యాహ్నం హోటలు, సాయంత్రం ఎగ్జిబిషను, రాత్రి మావయ్య వాళ్ళింట్లో భోజనం. పాపం, అంతా వాళ్ళకోసమే. తీరా చూస్తే సాయంత్రానికి పిల్లలు ఏడుపు, తల్లి విసుగు, తండ్రి కోపం. ఇంత ఖర్చుపెట్టి తిప్పితే ఈ ఏడుపేంటని అందరి బాధ.

తప్పు పిల్లలది కాదు, జాబితాది. ఆ జాబితాలో పిల్లలు చూడవలసినవి బోలెడున్నాయి, చేయవలసింది ఒక్కటీ లేదు. పెద్దవాళ్ళం ఒక కట్టడాన్నో కొండనో చూస్తూ అరగంట నిలబడగలం. మనకు దాని కథ తెలుసు, ఫోటోలు తెలుసు, ఇంతకుముందు విన్న మాటలుంటాయి. నాలుగేళ్ళ పిల్లకి అవేవీ లేవు. చేతిలో ఏదైనా పని ఉంటే ఆ చోటు ఆమెది. లేకపోతే జనం కాళ్ళ మధ్య నుంచి నడిచిన దారి మాత్రమే ఆమెకి మిగులుతుంది. అందుకని ఈ సెలవులకి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళినా, ఇంట్లోనే ఉంచినా, అక్కడ వాళ్ళకో పని చూడండి. నిజమైన పని, వాళ్ళు చేయకపోతే ఆగిపోయే పని.

రేడియోలో ఈ మాట చెప్పడం సబబే. మన రేడియో అన్నయ్య న్యాపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు పిల్లల కార్యక్రమాలు నడిపిన పద్ధతి ఇదే. పిల్లల్ని కూర్చోబెట్టి కథలు వినిపించి పంపించెయ్యలేదు. మైకు ముందు వాళ్ళనే నిలబెట్టి వాళ్ళ చేత పాడించారు, మాట్లాడించారు, నాటకాలు వేయించారు. తప్పులు పలికితే పలికారు.

నిజానికి సంక్రాంతి పండగని ఎవరు కూర్చారోగాని పిల్లల చేతికి అందేట్టే కూర్చారు. నెలపట్టు ముందునుంచి, అంటే ధనుర్మాసం నుంచి, వాకిట్లో ముగ్గు. పెద్ద చుక్కల ముగ్గు తల్లో అత్తో వేస్తుంది. అందులో రంగులు నింపడం పిల్లల వంతు. గీత దాటి రంగు పడుతుంది, పడనివ్వండి. ముగ్గుకి పక్కనే మూరెడు నేల తడిపి, కాస్త పిండి చేతికిచ్చి, 'ఇది నీ ముగ్గు' అని చెప్పి చూడండి. ఆ పూట ఆ మూరెడు నేలని ఎవరు తొక్కినా ఊరుకోరు. పేపరువాడైనా సరే, తాతయ్యైనా సరే, చుట్టూ తిరిగి వెళ్ళవలసిందే.

గొబ్బెమ్మలు చేసే ఇళ్ళలో ఇంకా మంచి పని ఉంది. పేడముద్ద గుండ్రంగా చేసి, పైన గుమ్మడి పువ్వో బంతి పువ్వో గుచ్చడం. నగరంలో పెరిగిన పిల్లలు మొదట ముక్కు మూసుకుంటారు. పక్కింటి పిల్ల చేస్తుంటే చూసి తర్వాత చెయ్యి పెడతారు, ఆపైన లేవమన్నా లేవరు. గోదావరి జిల్లాల్లో చిన్న చిన్న పిడకలు మధ్యలో వేలితో చిల్లి పెట్టి ఎండబెడతారు. అవి తాడుకి గుచ్చి దండ చేసి భోగి మంటలో వేయడం పిల్లల హక్కు. ఎవరి దండ వాళ్ళే చేసుకోవాలి, ఎవరిది వాళ్ళే వేయాలి. అంకెలు నేర్చుకుంటున్న పిల్లలకి అంతకన్నా మంచి లెక్కల పాఠం ఉండదు. తమ్ముడి దండలో ఒక పిడక ఎక్కువుందని తేలితే, ఇంకోటి తెచ్చి గుచ్చిందాకా నిద్రపోరు.

భోగి తెల్లవారుజామున మాత్రం పెద్దవాళ్ళు గట్టిగా ఉండాలి. పిల్లలకి కొత్తబట్టల సరదా ఉంటుంది, మెరుపులున్న నైలాన్ గౌనులు వేస్తాం. మంట దగ్గరికి ఆ బట్టలు పనికిరావు. నిప్పురవ్వ పడితే నైలాను కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలు బట్టలు, పైన చలికి స్వెట్టరు, కాళ్ళకి చెప్పులు ఉండాలి. కొత్తబట్టలు తలంటు పోశాక ఎలాగూ వేస్తాం. మంట చుట్టూ నేల మీద సున్నంతోనో ముగ్గుపిండితోనో ఒక గీత గీయండి. దండ వేసేటప్పుడు పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకునే ఆ గీత దాటాలి. పాత టైర్లు, ప్లాస్టిక్కు మంటలో వేసే వీధుల్లో పిల్లల్ని గాలి వీచే వైపు నిలబెట్టకండి. వీలైతే అవి వేయకుండా చూడండి.

సాయంత్రం భోగిపళ్ళు. రేగిపళ్ళు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు, నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు కలిపి, తల చుట్టూ తిప్పి, పిల్లల నెత్తిన పోస్తారు. ముందు తల్లి, తర్వాత పేరంటాళ్ళు. పోయించుకునే పాపాయికి ఇది సరదాయే. కానీ ఆ గదిలో మరో పిల్లా, మరో పిల్లాడూ ఉంటారు. ఐదేళ్ళు దాటినవాళ్ళు, 'నీకు అయిపోయాయమ్మా' అనిపించుకున్నవాళ్ళు. మూల నిలబడి మొహం ముడుచుకునేది వాళ్ళే. వాళ్ళకి పళ్ళెం పట్టుకునే పని ఇవ్వండి. వచ్చిన పేరంటాళ్ళకి పసుపు కుంకుమలు అందించే పని ఇవ్వండి. చెల్లెలి నెత్తిన వాళ్ళ చేత కూడా ఒక గుప్పెడు పోయించండి. నిన్నటిదాకా పోయించుకున్నవాళ్ళు ఇవాళ పోసేవాళ్ళయ్యారంటే అదేమీ తక్కువ గౌరవం కాదు.

ఒక జాగ్రత్త. ఆ పళ్ళెంలో ఉన్నవన్నీ సరిగ్గా పసిపిల్లల గొంతుకి అడ్డంపడే సైజులో ఉంటాయి. శనగ గింజ, రేగి గింజ, రూపాయి బిళ్ళ, ఏదైనా కావచ్చు. పోయడం అవగానే ఒక పెద్దమనిషి కింద పడ్డవన్నీ ఏరేయాలి. హారతి, ఫోటోలు ఆ తర్వాత. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో నాణేలు, శనగలు మానేసి పూలరేకులు ఎక్కువ వేసుకున్నా పండగకి లోటేమీ రాదు. విదేశాల్లో ఉన్న మన వాళ్ళు రేగిపళ్ళు దొరక్క ద్రాక్షపళ్ళో బెర్రీలో పోసి పండగ చేసుకుంటున్నారు. ఈ జాగ్రత్త వాళ్ళకీ వర్తిస్తుంది. ద్రాక్షపండుని నిలువునా చీల్చకుండా చిన్నపిల్లల నోటికి ఇవ్వకూడదు.

పండగ రోజుల్లో పొద్దున్నే వీధిలోకి వచ్చే హరిదాసుని చూసే ఉంటారు. తలమీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు, భుజాన తంబుర. భిక్ష వేసేది పెద్దవాళ్ళయితే గుమ్మం మెట్టు మీద నిలబడి వేసేస్తారు. పిల్లలు వేస్తే ఏమవుతుందో ఈసారి దగ్గరుండి గమనించండి. దోసిట్లో బియ్యం పట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి సగం కార్చుకుంటూ పిల్ల వస్తుంది. హరిదాసు పాట ఆపడు, పాత్ర దించడు. వెన్ను నిటారుగానే ఉంచి, మోకాళ్ళు వంచి, నెమ్మదిగా కిందికి దిగుతాడు. పాత్ర ఆ పిల్ల చేతికి అందే ఎత్తుకొచ్చిందాకా దిగి, బియ్యం పడ్డాక అంత నెమ్మదిగానూ లేస్తాడు. అన్నాళ్ళూ పెద్దవాళ్ళ వైపు మెడ ఎత్తి చూసిన పిల్లకి, ఒక పెద్దమనిషి తనకోసం కిందికి దిగడం మామూలు విషయం కాదు. మర్నాడు తెల్లవారకముందే లేచి బియ్యం డబ్బా దగ్గర కాపలా కాస్తుంది. కాబట్టి భిక్ష వేసే పని పూర్తిగా పిల్లలకే వదిలేయండి. గంగిరెద్దు వచ్చినప్పుడు పాత బట్ట ఇచ్చే పని కూడాను. ఎద్దుని చూసి భయపడే పిల్లల్ని మాత్రం దగ్గరికి తొయ్యకండి. గుమ్మంలోంచి చూసినా చూసినట్టే.

ఇక వంటిల్లు. పండగ పిండివంటల రోజున పిల్లల్ని వంటింట్లోంచి తరిమేయడం మనకి అలవాటు. మూకుడులో నూనె కాగుతుంటుంది కాబట్టి తరమడంలో న్యాయం ఉంది. అయితే ప్రతి పిండివంటలోనూ పొయ్యికి దూరంగా చేసే పని ఒకటుంటుంది. అరిసెల్లో అది నువ్వులద్దడం. పాకం పట్టి కలిపిన చలిమిడి చల్లారాక ఉండలు చేసి నువ్వుల పళ్ళెంలో దొర్లించే పని నాలుగేళ్ళవాళ్ళు చేయగలరు. చేస్తూ చేస్తూ చలిమిడి తింటారు, అది కూలి.

తెలంగాణలో సకినాలు చుట్టే రోజున చూడాలి. నానబెట్టి దంచిన బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, నేలమీద తెల్లటి బట్ట పరిచి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుంటారు. చిటికెడు పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలి తిరుగుతూ చుట్టు మీద చుట్టుగా బట్ట మీదికి దిగుతుంది. చుట్టడం వచ్చినవాళ్ళ చెయ్యి ఎక్కడా ఆగదు. పిల్లలు మెలి తిప్పబోతే పిండి తెగి నాలుగు ముక్కలవుతుంది. వాటిని అతికించి, ముక్కోణమో నలుచదరమో తెలియని ఆకారం ఒకటి తయారుచేస్తారు. దాన్ని బాగుచేయకుండా, పిల్లలు చూస్తుండగా, అలాగే నూనెలో వేయించమని అమ్మమ్మలకు, నానమ్మలకు నా మనవి. రాత్రి భోజనాల దగ్గర తాతయ్య ఆ వంకర సకినమే ఏరి తీసుకుని కరకరమని తింటే పిల్లలకి అంతకు మించిన మెప్పు లేదు.

సంక్రాంతి నాడు హైదరాబాదులో మేడలన్నీ పతంగులే. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో అంతర్జాతీయ పతంగుల పండగ కూడా పెడుతున్నారు. చిన్నపిల్లల చేతికి దారం ఇస్తే పతంగి లేవదు, పెద్దవాళ్ళు ఎగరేస్తే పిల్లలకి మెడనొప్పి తప్ప ఏమీ ఉండదు. మధ్యేమార్గం ఉంది. దారం చుట్టిన చరకా పట్టుకోవడం ఒక పని. దూరంగా వెళ్ళి, పతంగిని రెండు చేతులా పట్టుకుని, 'వదులు' అనగానే పైకి వదలడం రెండో పని. ఈ రెండూ లేకపోతే పతంగి నిజంగానే లేవదు. అన్న ఎగరేస్తే తమ్ముడు చరకా తిప్పాలి, కాసేపటికి మారాలి. నైలాను మాంజా ఇంటికే తేకండి. మనుషుల గొంతులు, పక్షుల రెక్కలు తెగుతున్నాయని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దాన్ని నిషేధించింది. నూలు దారం చాలు. పిట్టగోడ సరిగ్గా లేని మేడ ఎక్కవద్దు, మైదానానికి పోండి. ఎగిరే పతంగిని చూస్తూ వెనక్కి నడిచేవాడు గోడ చూసుకోడు.

కనుమ నాడు కాకైనా కదలదని సామెత. చాలామంది దీన్ని మూఢనమ్మకం కింద కొట్టిపారేస్తారు. చిన్నపిల్లల తల్లిదండ్రులు మాత్రం దీన్ని పట్టుకోవాలి. భోగి, సంక్రాంతి రెండు రోజులూ వేళకి నిద్రలేదు, వేళకి తిండి లేదు, నోరంతా తీపి. మూడో రోజు కూడా ప్రయాణం పెట్టుకుంటే జ్వరాన్ని పిలిచినట్టే. ఆ రోజు పశువుల కొమ్ములకి రంగులు పూస్తుంటే చూడడం, మెడలో గంటలు కట్టడానికి తాడు అందించడం, మధ్యాహ్నం మినపగారెలు తిని అందరూ పడుకోవడం. కోనసీమలో ఉన్నవాళ్ళు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తామంటారు. అక్కడికి ఏకాదశ రుద్రుల ప్రభలు చేరతాయి. జనం కూడా విపరీతంగా చేరతారు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకునే ఓపికుంటేనే వెళ్ళండి. లేకపోతే ప్రభలు మీ ఊరి పొలిమేర దాటేటప్పుడు గట్టుమీద నిలబడి చూడడమే మేలు. అక్కడ పిల్లలకి ప్రభ నిలువెల్లా కనిపిస్తుంది.

ఊరెళ్ళనివాళ్ళ సంగతి, ఊరినుంచి వచ్చాక ఇంకా సెలవులు మిగిలినవాళ్ళ సంగతి చూద్దాం. బయటికి తీసుకెళ్ళాలి. దానికి నా లెక్క చాలా చిన్నది. రోజుకి ఒక్క చోటు. ఆ చోట ఒక్క పని. పిల్లలు పడుకునే వేళకి ఇల్లు.

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం తీసుకోండి. అక్కడున్న వస్తువులు చూడడానికి పెద్దవాళ్ళకే రోజు చాలదు. ఐదేళ్ళ పిల్లలతో వెళ్ళేవాళ్ళు అన్నీ చూద్దామనుకోవద్దు, గడియారం దగ్గరికి వెళ్ళండి చాలు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ నుంచి వచ్చిన పాతకాలపు గడియారం అది. అందులో ఒక కమ్మరి బొమ్మ కూర్చుని సెకను సెకనుకీ సుత్తి వేస్తూ ఉంటుంది. గంట కావస్తోందనగా గడ్డమున్న మనిషి బొమ్మ లోపలినుంచి బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి, మళ్ళీ లోపలికి పోతుంది. పన్నెండింటికి పది నిమిషాల ముందే వెళ్ళి, పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టి, దెబ్బలు లెక్కపెట్టే పని వాళ్ళకప్పగించండి. ఎదురుగా కూర్చున్న పెద్దాచిన్నా అంతా మాటలాపి చూస్తుంటారు. పన్నెండూ సరిగ్గా లెక్కపెట్టిన పిల్లకి ఆ రోజు మ్యూజియం పూర్తయినట్టే. మిగతా గదుల్లో ఒకటి చూస్తే చూడండి, లేకపోతే బయటికొచ్చి భోజనం చేయండి. శుక్రవారం మాత్రం వెళ్ళకండి, మ్యూజియానికి సెలవు. జూకి సోమవారం సెలవు. పిల్లలకి ఆశపెట్టి గేటు దగ్గర్నించి వెనక్కి తేవడం కన్నా కష్టం ఇంకోటి లేదు.

జూలో కూడా అంతే. హైదరాబాదులో నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963లో తెరిచారు, 380 ఎకరాల చోటు. అంతా నడిపిస్తే పిల్లలు ఎత్తుకోమంటారు, అప్పుడు మోసేది మనమే. ముందురోజు రాత్రే అడగండి, రేపు ఏ రెండు జంతువుల దగ్గరికి వెళ్దామని. ఏనుగు, జిరాఫీ అంటారనుకోండి, ఆ రెండే. దారిలో ఉడత కనిపిస్తే పావుగంట ఉడత దగ్గరే ఆగిపోతారు. టిక్కెట్టు డబ్బులు గుర్తొచ్చి, 'ఉడతలు ఇంటి దగ్గరా ఉంటాయి, పులిని చూడు' అని లాక్కెళ్ళకండి. వాళ్ళకి ఆ రోజు ఉడతే పులి.

నాంపల్లి ఎగ్జిబిషను, మనం నుమాయిష్ అంటాం, 1938లో మొదలైంది. మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, అంటే 46 రోజులు. ఇన్ని రోజులుంటే పండగ ఆదివారమే వెళ్ళవలసిన అవసరమేముంది? మామూలు రోజున, గేట్లు తెరిచిన తొలి గంటలో వెళ్ళి, పిల్లల రైలెక్కించి, చీకటిపడి జనం పెరిగేలోపు బయటికి రండి. లోపలికి వెళ్ళేముందే ఫోన్ నంబరు కాగితం మీద రాసి పిల్లల జేబులో పెట్టండి. తప్పిపోతే ఉన్నచోటే నిలబడాలని, పోలీసునో దుకాణంవాణ్ణో అడగాలని చెప్పండి. వాళ్ళకి ఇక్కడ చేయవలసిన పని కొనడం. చేతికి ఒక చిన్న మొత్తం ఇచ్చి, 'దీంతో నువ్వే కొనుక్కో, నీ ఇష్టం' అనండి. మొదటి దుకాణంలో కొంటే రెండో దుకాణంలో ఏడవాలని వాళ్ళే తెలుసుకుంటారు. గాజులా, బుడగా, కీ ఇస్తే గెంతే కోతా అని ఆ పిల్ల పడే తర్జనభర్జన ముందు మన ఇంటి బడ్జెట్టు ఏపాటిది!

విశాఖపట్నంలో ఉన్నవాళ్ళకి, వెళ్ళేవాళ్ళకి ఆర్.కె. బీచ్ ఒడ్డున కుర్సురా జలాంతర్గామి ఉంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియమైంది. చిన్నపిల్లలకి అచ్చంగా సరిపోయే చోటు అది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారాలు. పెద్దవాళ్ళం తల వంచి, కాలెత్తి, నడుం పట్టుకుని దూరాలి. పిల్లలు హాయిగా దూరిపోయి, అవతల నిలబడి మన కోసం ఎదురుచూస్తారు. దారి చూపించే పని వాళ్ళకే ఇవ్వండి. 'తల జాగ్రత్త' అని వాళ్ళు మనకి చెప్పే అవకాశం ఎన్నిసార్లు వస్తుంది? చాలా ఇరుకు కాబట్టి చంకలో బిడ్డ ఉన్నవాళ్ళు మాత్రం ఒకరు బయట ఉండడం మంచిది.

అక్కడినుంచి బొర్రా గుహలకీ అరకుకీ వెళ్ళే రైలెక్కితే కొండల్లో సొరంగాలొస్తాయి. లెక్కపెట్టే పని ఎవరిదో మళ్ళీ చెప్పక్కర్లేదు. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ రెండు లెక్కలొస్తాయి, అరకు దాకా వాదన నడుస్తుంది. ఆ వాదన నడిచినంతసేపూ ఫోన్ అడగరు.

ఎక్కువ మంది వెళ్ళని ఒక చోటు చెబుతాను. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. అక్కడ అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తారు. ఒక్క బొమ్మ తయారవడం దగ్గర కూర్చుని చూపించండి. మర మీద కర్ర ముక్క గిరగిర తిరుగుతుంటుంది. ఉలి ఆనిస్తే పొట్టు రేగి, చూస్తుండగానే ఆ ముక్కకి మెడ వస్తుంది, పొట్ట వస్తుంది. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న బొమ్మకి అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి బొమ్మకి అంటుకుంటుంది. కుంచె లేదు, రంగు డబ్బా లేదు. తెల్లటి కర్ర క్షణంలో ఎర్రబొమ్మయి మెరుస్తుంది. నోరు తెరుచుకుని చూస్తారు పిల్లలు, మనమూ చూస్తాం. విజయవాడ వైపు వాళ్ళకి కొండపల్లి ఉంది. అక్కడ తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన ముద్దతో బొమ్మకి చేతులూ కాళ్ళూ అతుకుతారు. ఏ ఊరికెళ్ళినా, చేసిన మనిషి చేతిలోంచే ఒక బొమ్మ పిల్లల చేత కొనిపించండి. ఇంట్లో బొమ్మల కొలువు పెడితే ఆ బొమ్మ ఏ మెట్టు మీద కూర్చోవాలో చెప్పే అధికారం కొన్నవాళ్ళదే.

ఈ కాలంలోనే మన దగ్గరికి పక్షులు కూడా సెలవులకొస్తాయి. కొల్లేరు పక్కన కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు. నెల్లూరు దిగువన నేలపట్టులోనూ గూడబాతులే. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది. నీళ్ళున్న ఏడాది ఆ రోడ్డు మీదినుంచే ఫ్లెమింగోలు కనిపిస్తాయి. పెద్దవాళ్ళకి ఎన్ని రకాల పక్షులో లెక్క కావాలి. పిల్లలకి ఒక్క పక్షి చాలు. గూడబాతు గొంతుకింద సంచి ఎందుకుంది, చేపని ఎలా మింగుతుంది, రెక్కలు విప్పితే మన నాన్న చేతులకంటే పొడవా? ఇలా ఒక్కదాన్నే వెంటాడి చూడనివ్వండి. పొద్దున్నే వెళ్ళండి, గట్టిగా అరవకూడదని దారిలోనే ఒప్పందం చేసుకోండి. ఇంటికొచ్చాక ఆ పక్షి బొమ్మ వేయమనండి.

ఎక్కడికీ వెళ్ళలేని ఇళ్ళుంటాయి. సెలవు దొరకని ఉద్యోగాలు, ఇంట్లో మంచం పట్టిన పెద్దలు, చేతిలో డబ్బు లేకపోవడం, కారణం ఏదైనా కావచ్చు. ఆ ఇళ్ళలో పిల్లలకి ఏదో తక్కువైందని బెంగపడకండి. సిటీబస్సులో ముందు సీట్లో కూర్చుని చివరి స్టాపు దాకా వెళ్ళి అదే బస్సులో తిరిగిరావడం ఐదేళ్ళవాళ్ళకి పెద్ద ప్రయాణమే, టిక్కెట్లు కొనే పని వాళ్ళకిస్తే మరీను. కూరగాయల బజారుకి తీసుకెళ్ళి, చిక్కుడుకాయలు వాళ్ళ చేత ఏరించి, ఆ కూరే వండి, 'ఇవాళ కూర ఫలానావాళ్ళు తెచ్చారు' అని అందరికీ వడ్డించండి. మామూలుగా చిక్కుడుకాయ ముట్టని పిల్లలు ఆ పూట మారడిగి తింటారు.

చివరగా పెద్దవాళ్ళ గురించి ఒక మాట. సెలవుల్లో మనస్పర్థలొచ్చేది సాధారణంగా పిల్లల తిండి దగ్గరే. నానమ్మ ఇంకో అరిసె పెడతానంటుంది, కోడలు వద్దంటుంది. మధ్యలో పిల్లాడు ఇద్దరి మొహాలూ చూస్తాడు, ఎవరు మెత్తబడతారో వాడికి తెలుసు. ఊరెళ్ళిన మొదటి రోజునే అత్తాకోడళ్ళిద్దరూ ఒక మాట అనుకోండి. తీపి ఎప్పుడు, ఎన్ని, అన్నం వేళ ఏది అని. ఆ మాట పిల్లలకి నానమ్మ చేతే చెప్పించండి. అలాగే ఫోన్. పిల్లలకి తీసెయ్యాలంటే ముందు మన చేతిలోది కింద పెట్టాలి. ముగ్గు దగ్గర, నువ్వుల పళ్ళెం దగ్గర, గడియారం దగ్గర పిల్లలు పని చేస్తుంటే మనం ఫోటోలు తీస్తూ కూర్చుంటే, కాసేపటికి వాళ్ళూ పని మానేసి ఫోటోకి నవ్వడం మొదలుపెడతారు. ఒకటి తీసుకోండి, జేబులో పెట్టుకోండి.

సెలవులయ్యాక బళ్ళో టీచరు ఎలాగూ అడుగుతారు, సంక్రాంతికి ఎక్కడికి వెళ్ళారని. పిల్లలు ఊరి పేరు చెప్పి కూర్చుంటే మనం వాళ్ళని తిప్పామని అర్థం. 'నేను పతంగి వదిలాను, నేను నువ్వులద్దాను, పన్నెండు దెబ్బలు లెక్కపెట్టాను, హరిదాసుకి బియ్యం పోశాను' అని లేచి నిలబడి చెప్పారంటే ఆ సెలవులు వాళ్ళవైనట్టు. ఈసారి జాబితా వేసేటప్పుడు ప్రతి చోటుకీ ఎదురుగా పిల్లల పేరు, వాళ్ళ పని రాయండి. ఏ చోటుకి ఎదురుగా రాయడానికి పని దొరకలేదో దాన్ని కొట్టేయండి. జాబితా సగమవుతుంది. ఖర్చూ సగమవుతుంది.